పక్కింటి అక్క వంకర రొట్టెలు

నా చిన్నప్పుడు నాకు తేలుకంటే ఇంగ్లీషంటేనే ఎక్కువ భయం. తేలు కనబడితే చెప్పు తీసేదాన్ని. ఇంగ్లీషు వాచకం కనబడితే మాత్రం కాళ్లూ చేతులూ ఆడేవి కావు. మాది గోపాల్‌పేట దగ్గర పల్లె. ఒకనాడు బడిలో సారు నన్ను లేపి పాఠం చదవమన్నారు. ఒక్క వాక్యానికే నేను పడ్డ తిప్పలు చూసి తరగతి అంతా పగలబడి నవ్వింది. మర్నాటి నుంచి బడికి పోనని మొండికేశాను.

ఇంట్లో అది చిన్న విషయం కాదు. దసరా పోయాక మా అమ్మా నాయనా కాలువ పనులకు వలస పోయేవారు. బడి ఉంది కాబట్టే నన్ను నాయనమ్మ దగ్గర వదిలేవారు. బడే మానేస్తే ఇక వదలడం దేనికి? "సదువు ఒద్దంటే మాతోనే రా బిడ్డా, మట్టి తట్టలు మోద్దువు" అన్నాడు నాయన. కోపంగా కూడా అనలేదు, ఉన్నమాట చెప్పాడంతే. నాకు ఏడుపొచ్చింది. మట్టి మోయడం ఇష్టం లేదు, మళ్లీ ఆ తరగతిలో నిలబడడం అంతకన్నా ఇష్టం లేదు. పయనానికి ఇంకా రోజులున్నా, అమ్మ అప్పుడే నా బట్టలు కూడా మూటలో పెట్టేసింది.

పక్కింటి అక్క వనపర్తిలో కాలేజీ చదువు చదివింది. ఆమెకు కొత్తగా పెళ్లి కుదిరింది. ఆ సాయంత్రం మా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుని, "నాకు రొట్టెలు చేసుడు రాదే. అత్తగారింట్ల అందరు నవ్వుతరు. జర నేర్పియ్యవా?" అని మెల్లగా అడిగింది. జొన్నరొట్టెల విషయంలో నాకు మహా పొగరు. అమ్మ చేను నుంచి వచ్చేసరికి ఇంటిల్లిపాదికీ చేసిపెట్టేదాన్ని. అంత చదివిన అక్క వచ్చి నన్ను అడిగేసరికి నేను ఆగుతానా?

పిండిలో మరిగిన నీళ్లు పోసి కలపడం, ముద్దను తిప్పుతూ అరచేత్తో తట్టడం, రెండు చేతులా ఎత్తి పెంక మీద వేయడం, పైన తడిచేత్తో తుడవడం అన్నీ చూపించాను. అక్క చేతిలో పడి ఆ ముద్ద నానా అవస్థలూ పడింది. ఒక పక్క మందం, ఒక పక్క పలుచన, అంచులన్నీ పగుళ్లు. ఎత్తబోతే నడిమికి తెగి సగం పెంక మీద, సగం పొయ్యిలో పడింది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. నాయనమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతె నవ్వినవ్ గని, నేనెట్ల చేస్తున్ననో ఇంగ్లీషుల చెప్పు" అంది అక్క. రాదన్నాను. మాటలు తనే ఇచ్చింది. చేతకానట్టు చేస్తే క్లమ్జిలీ అట. చూడ్డానికే ఎబ్బెట్టుగా ఉంటే ఆక్వర్డ్‌లీ. ధ్యాస లేకుండా చేస్తే కేర్‌లెస్‌లీ. అక్కను వెక్కిరించడానికి దొరికిన మాటలు కదా, ఒక్కటీ మరిచిపోలేదు. "అక్కా, యూ ఆర్ మేకింగ్ రొట్టె క్లమ్జిలీ" అని గట్టిగా అన్నాను. "మల్లొకసారి చెప్పు, ఇనపడలే" అనేది అక్క. రోజూ సాయంత్రం ఇదే మాకు ఆట. పిండి తనే తెచ్చుకునేది, పాడైన రొట్టెలు మా బర్రె తినేది.

కొన్నాళ్లకు, "గిదే పోయి మీ క్లాసుల చెప్పు" అంది. ఏ ధైర్యంతో పోయానో ఇప్పటికీ తెలియదు. సారు అడగ్గానే లేచి, పెళ్లికూతురు ఒకామె రొట్టె ఎట్లా చేస్తుందో నాకొచ్చిన ఇంగ్లీషులో చేతులు తిప్పుతూ చెప్పాను. తరగతి మళ్లీ నవ్వింది. ఈసారి నేను నవ్వించిన చోట నవ్వింది. ఆ సంగతి నాయన విన్నాడు. మూట విప్పి, నా బట్టలు తీసి దండెం మీద వేశాడు.

అక్క పెళ్లి ముందర ఒకరోజు చల్ల కోసం వాళ్లింటికి వెళ్లాను. అక్క పొయ్యి ముందు కూర్చుని, వాళ్లమ్మతో మాట్లాడుతూ, కనీసం చేతుల వైపు చూడకుండా రొట్టెలు చేస్తోంది. ఒక్కొక్కటి పలుచగా, గుండ్రంగా, నేను చేసేవాటికంటే బాగున్నాయి. నాకు ఒళ్లు మండింది. "రాదంటివి గదక్కా" అన్నాను. అక్క ఏమాత్రం తొణకలేదు.

"నాకు ఒచ్చినది చూపెడ్తె నువ్వు భయపడ్తవ్. రానట్టు చేస్తె నవ్వుతవ్. నవ్వెటోళ్లకు నోరొస్తదే" అని వేడి రొట్టె ఒకటి నా చేతిలో పెట్టింది. కోపంగానే తిన్నాను. అంత కమ్మటి రొట్టె నేను మళ్లీ తినలేదు.

తర్వాత నేనే ఇంగ్లీషు టీచరునై కోడేరు, తిమ్మాజిపేట వైపు బడుల్లో చెప్పాను. ఉద్యోగం అయిపోయింది గానీ అలవాటు పోలేదు. ఇప్పటికీ మా వాకిట్లోకి చదువుకోవడానికి వచ్చే పిల్లల్లో బెదురుచూపుల పిల్ల ఒకతె ఉంటే, ముందు నేను సుద్దముక్క జారవిడుస్తాను, ఆవును గీయబోయి మేకను గీస్తాను. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విందంటే, ఇక ఈ పిల్ల బడి మానదని నా మనసు నిమ్మళిస్తుంది.