కొలబద్ద మామయ్య

మామయ్యకి ఉన్నది ఒక్కటే పిచ్చి. మంచు కనిపిస్తే కొలవాలి. ఊరు కొండవాలున ఉండేది. చంకలో బద్ద పెట్టుకుని చీకటితోనే బయల్దేరి, కింద ఏటి వీధిలో, నడుమ బజారులో, పైన కొండకొమ్మున మూడుచోట్లా గుచ్చి చూస్తేగాని ఆయన పళ్ళు తోముకునేవాడు కాదు. ఊరంతా ముద్దుగా కొలబద్ద మామయ్య అనేవారు. పురపాలక ఆఫీసులో గుమాస్తా అయిన మేనకోడలికి మాత్రం ఆ పేరు వింటే తల కొట్టేసినట్టుండేది.

పాలవాడు మంచు పడిందంటే చాలు, మామయ్య ఎక్కడ, ఎంత ఎత్తున, అప్పుడు చలి ఎంత అని ఆరా తీసేవాడు. ఆ ఆరా ముగిసేసరికి పాలు గడ్డకట్టేవి. చలి ముదిరినకొద్దీ మంచు ఎక్కువ కురుస్తుందనేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట. మరీ చల్లని గాలిలో తడి ఉండదు, తడి లేనిదే మంచు ఎక్కడినుంచి ఊడిపడుతుందని నిలదీసేవాడు. ఒకే మబ్బు ఏటి వీధిలో వానై, బజారులో తడి మంచై, కొమ్మున పిండిలాంటి పొడి మంచై రాలుతుందని చెప్పులు కుట్టేవాడికి కూడా పాఠం చెప్పేవాడు.

ఒక ఆదివారం మేనకోడలు తన పై అధికారి దంపతులను భోజనానికి పిలిచింది. భార్య ముందే వచ్చింది. అధికారి గంట ఆలస్యంగా వచ్చి, ఏటి వీధిలోని ఆఫీసులో పని తెమల్లేదన్నాడు. మామయ్య ఆయన టోపీ అందుకుని, దానిమీది మంచు వేళ్ళతో నలిపాడు.

"పైపైన తడి, అడుగున పొడి. ఏటి వీధిలో ఇవాళ వానేనండీ. తమరు కొమ్ముమీదినుంచి దిగారు."

కొమ్ముమీద ఉన్నది పేకాట క్లబ్బొక్కటే. అధికారి భార్య చెంచా కింద పెట్టింది. ఆయన ముఖాన నెత్తురుచుక్క లేదు.

వాళ్ళు వెళ్ళాక మేనకోడలు ఏడ్చినంత పని చేసింది. "నీవల్ల తలెత్తుకోలేకపోతున్నాను మామయ్యా. ఆ బద్ద మళ్ళీ నా కంటపడకూడదు."

 మామయ్య బద్ద అటకెక్కించి కిటికీ దగ్గర కూర్చున్నాడు. నాలుగు రోజులు గడప దాటలేదు.

అయిదోరోజు చలి కాస్త విరిగింది. అది సున్నా డిగ్రీల దగ్గర ఊగిసలాడుతుంటే మంచు తెరిపి లేకుండా కురిసింది. బజారు వెనక సందులో ఒంటరిగా ఉండే, ఒకప్పుడు కుట్టుపని చేసిన ముసలమ్మ ఆఫీసుకొచ్చి, మామయ్యకి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉన్నాడని మేనకోడలు చెప్పింది.

"మరి మా కప్పుమీది మంచు తీయడానికి రావటంలేదేమమ్మా? దూలం కిర్రుమంటోంది."

ఆ సందులో ఏడు కొంపలు. అందరూ నిచ్చెన ఎక్కలేని వయసువాళ్ళే. పొడి మంచయితే గాలికి పోతుంది, తడి మంచు మూరెడు పేరుకుంటే కప్పు కూలుతుంది. అందుకే ఆయన రోజూ కొలిచి చూసి, బరువెక్కిన కప్పులన్నీ తెల్లారేలోగా తనే దులిపి పోయేవాడట.

మేనకోడలికి భూమి చీలి మింగితే బాగుండుననిపించింది. పరుగున ఇంటికెళ్ళి, తప్పయిపోయిందని చెప్పి, మామయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన వద్దంటున్నా తనూ పార పట్టి కప్పెక్కింది. ఆయన ముఖం చూడలేక పార వంకే చూస్తూ, ఈ పని దొంగలా చీకట్లో ఎందుకు చేస్తున్నావని అడిగింది.

మామయ్య గొంతు తగ్గించాడు. "ముసలమ్మ లేచిందంటే టీ ఇస్తుందమ్మా. ఆవిడకి చూపానదు. చక్కెరనుకుని ఉప్పు వేస్తుంది."

అంతలో కిందనుంచి ముసలమ్మ పిలిచింది, రెండు కప్పులు టీ కాచానని. మేనకోడలు తలవంచుకుని నిచ్చెన దిగి, తన కప్పూ తాగింది, మామయ్య కప్పూ తాగింది.