గేర్ల బండి వచ్చిన కుర్రాడు

త్యాగరాజుది మదనపల్లె. వాళ్ల నాన్నకు ఒక పికప్ బండి ఉండేది. చుట్టుపక్కల పల్లెల నుంచి టమోటా క్రేట్లు ఎక్కించుకుని తెల్లారేసరికి మార్కెట్ యార్డుకు చేర్చేవాడు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సెలవులొస్తే ఆ బండి త్యాగరాజు నడిపేవాడు. లోడుతో హార్స్‌లీ కొండ మలుపులు దిగేటప్పుడు బ్రేకును నమ్ముకోకూడదని, గేరును నమ్ముకోవాలని అతనికి అప్పుడే తెలిసింది.

కెనడా వచ్చాక ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అందరూ వచ్చినట్టే వచ్చాడు. అతనితోపాటు విమానం దిగినవాళ్లలో సగం మంది తెలుగు కుర్రాళ్లే. వాటర్లూ దగ్గర ఒక కాలేజీలో డేటా అనలిటిక్స్ రెండేళ్ల కోర్సు పూర్తి చేశాడు. వచ్చే వారం మదనపల్లె మార్కెట్లో టమోటా ధర ఎలా ఉండబోతుందో ముందుగా అంచనా వేసే ప్రోగ్రామ్ ఒకటి ఆఖరి ప్రాజెక్టుగా రాశాడు. ప్రొఫెసర్ దాన్ని క్లాసులో అందరికీ చూపించి మెచ్చుకుంది. ఆ తర్వాత దాన్ని చూసినవాళ్లు లేరు. ఉద్యోగాలకు అప్లై చేస్తూ, ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దే పనిలో ఉండిపోయాడు.

వచ్చే మే నెలతో అతని వర్క్ పర్మిట్ ముగుస్తుంది. ఆ పర్మిట్‌ను మళ్లీ ఇవ్వరు. ఈలోగా చదువుకు తగిన ఉద్యోగం దొరికి, ఆ కంపెనీ తన తరఫున నిలబడితే ఉంటాడు. లేకపోతే వెళ్లిపోవాలి. వెళ్తే అక్కడ నడుపుకోవడానికి ఆ పికప్ కూడా లేదు. ఇతన్ని పంపడానికే దాన్ని అమ్మేశారు.

రామమోహనరావు పరిచయమైంది ఉగాది ఫంక్షన్‌లో. ఆయన మిల్టన్‌లో ఉంటాడు. న్యూజెర్సీలో కొన్నేళ్లు చేసి, అక్కడ గ్రీన్ కార్డు కోసం చూసి చూసి, ఇటు వచ్చేశాడు. ఊళ్లో తెలుగువాళ్ల పండగలన్నీ ఆయన చేతుల మీదుగానే జరుగుతాయి. కుర్చీలు మోయడానికి, స్టేజి కట్టడానికి స్టూడెంట్స్‌ను పిలిపిస్తాడు, భోజనం పెడతాడు, వాళ్లు అంకుల్ అంటే పొంగిపోతాడు. ఆ రోజు సామాన్ల ట్రక్కును ఇరుకు సందులోంచి వెనక్కి తియ్యడం ఎవరివల్లా కాకపోతే త్యాగరాజు ఎక్కి ఒక్క ఊపున తీశాడు. ఎక్కడ నేర్చుకున్నావని ఆయన భుజం తట్టి అడిగాడు. ఆ భుజం తట్టడానికి త్యాగరాజు మెత్తబడి పికప్ సంగతి, టమోటాల సంగతి, కొండ సంగతి చెప్పేశాడు.

నెల తిరక్కుండా ఆయన ఫోన్ చేశాడు. ఆగస్టులో కుటుంబంతో స్విట్జర్లాండ్ వెళ్తున్నారు. వాళ్లకు అనుకూలమైన కారు గేర్లదే దొరికింది. ఆయనకూ, భార్య ఝాన్సీలక్ష్మికీ ఆటోమేటిక్ తప్ప చేతకాదు, త్యాగరాజు వచ్చి నడపాలి. ఖర్చులన్నీ ఆయనవే, వీసా పనులూ ఆయనే చూస్తాడు.

"మా ఫ్రెండ్ యోగానంద్ టీంలో ఖాళీలున్నాయయ్యా. వెళ్లొచ్చాక నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తా" అన్నాడు ఆఖర్న.

త్యాగరాజు స్విట్జర్లాండ్ వెళ్లింది ఆ ఆఖరి మాట కోసం. ప్రయాణంలో ఆ మాట తనంతట తాను ఎత్తలేదు. అడిగితే విసుక్కుంటాడేమోనని భయం. తిరిగొచ్చాక ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది. అక్టోబరులో ఒక ఆదివారం యోగానంద్ దంపతులు భోజనానికి వస్తున్నారని, నువ్వూ రమ్మని పిలుపు వచ్చింది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సులు మారి మిల్టన్ చేరాడు. దారి పొడుగునా తన గురించి తాను చెప్పుకోవాల్సిన నాలుగు ముక్కలూ పెదాలు కదలకుండా వల్లెవేశాడు. ప్రాజెక్టుతో మొదలుపెట్టాలనుకున్నాడు. టమోటా అంటే ఎవరికైనా ఆసక్తి పుడుతుందని అతని నమ్మకం.

ఝాన్సీలక్ష్మి అతన్ని కావాలనే గంట ముందు రమ్మంది. బేస్‌మెంట్‌లోంచి మడత కుర్చీలు తెప్పించింది, ఉల్లిపాయలు తరిగించింది, చెత్త సంచులు బయట పెట్టించింది. నువ్వు మా ఇంటివాడివే కదా అంది. చొక్కా చేతులు మడుచుకుని అన్నీ చేశాడు. వంటింట్లో ఉండగా రామమోహనరావు వచ్చి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నువ్వు తొందరపడి నోరు తెరవకు. ఆయన మూడ్ చూసి నేనే ఎత్తుతా. సరేనా?"

"సరే అంకుల్" అన్నాడు త్యాగరాజు.

యోగానంద్ నెమ్మదైన మనిషి. టొరంటోలో ఒక పెద్ద కంపెనీలో డైరెక్టర్. త్యాగరాజుకు చెయ్యి అందించి, పేరు అడిగి, మంచి పేరు అన్నాడు. ఆయన భార్య చంద్రకళ అతని చేతికి స్వీట్ బాక్స్ ఇచ్చి, లోపల పెట్టమంది.

భోజనాలయ్యాక అందరూ హాల్లో చేరారు. రామమోహనరావు ఫోన్‌ను టీవీకి కలిపాడు. స్విట్జర్లాండ్ ఫొటోలు మొదలయ్యాయి. జ్యూరిక్ సరస్సు ముందు ముగ్గురూ: ఆయన, ఆవిడ, పద్నాలుగేళ్ల కూతురు స్వీటీ. లూసర్న్‌లో చెక్క వంతెన మీద ముగ్గురూ. ఇంటర్లాకెన్‌లో పచ్చిక మీద ముగ్గురూ. జ్యూరిక్‌లో కారు ట్రామ్ పట్టాల మీదికి వెళ్లిపోయిన ముచ్చట చెప్పాడాయన. వెనక ట్రామ్ గంట కొడుతోంటే మనవాడు స్టీరింగ్ పట్టుకుని బిగుసుకుపోయాడన్నాడు. ఆ బిగుసుకుపోవడం నటించి చూపించాడు. యోగానంద్ నవ్వాడు.

"డాడ్, యూ టోల్డ్ హిమ్ టు గో లెఫ్ట్" అంది స్వీటీ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

నేను చెప్పింది తర్వాతి లెఫ్ట్ అన్నాడాయన. అది నిజం కాదు. త్యాగరాజు కూడా అందరితోపాటు నవ్వాడు.

ఈ అబ్బాయి ఒక్క ఫొటోలోనూ కనపడడేం అని చంద్రకళ అడిగింది. తీసిందే వాడు కదా, ఎలా కనపడతాడు అన్నాడు రామమోహనరావు. ఇంతలో యుంగ్‌ఫ్రావ్ మంచుకొండ మీది ఫొటోలు వచ్చాయి. ఎటు చూసినా మంచు, నీలం ఆకాశం, ఎర్ర జెండా. ఇవి సెల్ఫీ కర్ర పెట్టి తీసుకున్నవి. ఇక్కడికి త్యాగరాజు రాలేదని, ఎత్తైన చోట్లు అతనికి పడవని ఝాన్సీలక్ష్మి చెప్పింది.

పడవని అతను ఎన్నడూ అనలేదు. ఆ రోజు కింద గ్రిండెల్వాల్డ్ స్టేషన్ దగ్గర కారు ఆపాక, కొండ మీదికెళ్లే రైలు టికెట్ల వరసలో అతనూ నిలబడ్డాడు. ఝాన్సీలక్ష్మి వెనక్కి తిరిగి, "మంచే కదా త్యాగరాజూ, వాటర్లూలో రోజూ తొక్కే మంచే. కార్లో సామానుంది, ఒకరుంటే మేలు" అంది. దానికి రామమోహనరావు, "పేరులోనే త్యాగం ఉంది, మనం వేరే అడగాలా" అన్నాడు. ముందు రోజు హోటల్లో మంచం లేక నేలమీద పడుకున్నప్పుడూ ఆ మాటే అన్నాడు. వాళ్లు కొండ మీద ఉన్నంతసేపూ త్యాగరాజు కారుకు ఆనుకుని, మబ్బు తొలగినప్పుడల్లా పైకి చూస్తూ, పులిసిన పెరుగన్నం తిన్నాడు. అతను కింద ఉండిపోవడం కూడా నవ్వొచ్చే కథగానే చెప్పింది ఆవిడ, పెరుగన్నం దాకా.

అప్పుడు యోగానంద్ కుర్చీలో కాస్త త్యాగరాజు వైపు తిరిగాడు.

"ఇంతకీ నువ్వేం చేస్తుంటావు బాబూ?"

త్యాగరాజు రామమోహనరావు వైపు చూశాడు. ఆయన ఫొటోలు వెతుక్కుంటున్నాడు. ఇంతకు మించిన అదను ఉండదనిపించింది.

"డేటా అనలిటిక్స్ చేసినా సార్. టమోటా ధరల మీద ఒక ప్రాజెక్ట్..."

"టమోటా!" అన్నాడు రామమోహనరావు. "ఉండు, ఉండు. ఆ కథ నన్ను చెప్పనీ."

గ్రిమ్సెల్ కనుమ ఫొటో తెర మీదికి వచ్చింది. కొండకు తాడు చుట్టినట్టు రోడ్డు. ఆ పూట పొగమంచు కమ్మింది, ఎదురుగా టూరిస్టు బస్సు వచ్చింది. త్యాగరాజు రెండో గేరులోకి దించి ఆపి, రివర్సులో అంచు రాళ్ల పక్కకు తీసి బస్సుకు దారిచ్చాడు. జరిగింది అంతే. రామమోహనరావు మాత్రం మొదట మదనపల్లె చెప్పాడు. మార్కెట్ యార్డు చెప్పాడు. వీళ్ల నాన్న డ్రైవరు, వీడు క్లీనరు, వెనక క్రేట్ల మీద కూర్చుని కుళ్లినవి ఏరి పారేసేవాడు అన్నాడు. అందులో కొంత త్యాగరాజు చెప్పింది, కొంత ఆయన కల్పించింది.

"వెనక మా ఆవిడ ప్రాణాలు ఉగ్గబట్టుకుంది. నేనన్నాను, నాయనా, ఇది టమోటా లోడు కాదురా, మనుషులం! దొర్లిస్తే మార్కెట్లో ఎవడూ కొనడు!"

చంద్రకళ కళ్లనీళ్లు తుడుచుకుంది. యోగానంద్ ఒళ్లు కదిలేలా నవ్వాడు. త్యాగరాజు నోట్లో ప్రాజెక్ట్ అన్న మాట తర్వాతిది అలాగే ఉంది. నవ్వులు ఆగితే చెబుదామని చూశాడు. ఆగేలోపు రామమోహనరావు పోలీసు కథలోకి వెళ్లిపోయాడు. బెర్న్ వెళ్లే దారిలో పోలీసు కారాపాడట. వీడు మా మేనల్లుడు అని తాను చెప్పబోతుంటే, వీడు ముందే, ఐ యామ్ డ్రైవర్ సార్ అన్నాడట.

పోలీసు అడిగింది కారు ఎవరు నడుపుతున్నారని. దానికి మరో జవాబు ఉండదు. ఆ సంగతి విప్పి చెప్పేందుకు త్యాగరాజు గొంతు సవరించుకున్నాడు. ఝాన్సీలక్ష్మి అతని చేతికి టీ ట్రే ఇచ్చింది.

"స్టాప్ ఇట్, డాడ్." స్వీటీ ఫోన్ పక్కన పెట్టింది. మొహం ఎర్రబడింది. "హి సేవ్డ్ అస్ ఆన్ దట్ రోడ్." తర్వాత యోగానంద్ వైపు తిరిగి, "హి ఈజ్ సచ్ ఎ గుడ్ డ్రైవర్, అంకుల్. సీరియస్లీ. ద బెస్ట్" అంది.

ఆ ఇంట్లో త్యాగరాజు తరఫున మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే.

యోగానంద్ టీ అందుకుని అతన్ని పైనుంచి కిందికి చూశాడు. వచ్చిన దగ్గర్నుంచి అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. ఇదే మూడ్ అనుకున్నాడు కాబోలు రామమోహనరావు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు.

"మనవాడికి ఏదైనా చూడాలి యోగానంద్. బుద్ధిమంతుడు, ఎదురు చెప్పడు."

"అదే ఆలోచిస్తున్నా" అన్నాడు యోగానంద్. "జూలైలో మేమూ స్విట్జర్లాండ్ అనుకుంటున్నాం. మాకూ ఆటోమేటిక్ తప్ప రాదు. నీ పర్మిట్ జూలైదాకా ఉందా బాబూ?"

త్యాగరాజు చేతిలో ట్రే అలాగే ఉంది.

"మే దాకే సార్. ఉద్యోగం వస్తే ఉంటా."

"మేనా?" యోగానంద్ భార్య వైపు చూశాడు. "పోనీ మనమే మేలో పెట్టుకుంటేనో?"

మేలో ఆ కనుమలు తెరవరని, మంచు తీసేసరికి జూన్ అవుతుందని రామమోహనరావు చెప్పాడు. కనుమలు లేకపోతే ఇక స్విట్జర్లాండ్ ఎందుకని చంద్రకళ అంది. స్టూడెంట్స్ బోలెడుమంది, ఇంకొకర్ని చూద్దాంలే అని కూడా అంది.

"మీ రూంలో గేర్ల బండి వచ్చినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు యోగానంద్.

త్యాగరాజు రూమ్మేట్ రేవంత్‌ది నిజామాబాద్ వైపు. ఇంట్లో ట్రాక్టరు నడిపాడు, జీపు నడిపాడు. నిన్నమొన్ననే కోర్సు పూర్తయింది, పర్మిట్ ఇంకా చాలా ఉంది. లేరని చెప్పొచ్చు. చెబితే ఎవరికీ తెలియదు. కానీ లేరని చెప్తే తమమీద ఏదో కోపం పెట్టుకున్నాడనుకుంటారని, ఈ ఇంటి తలుపు కూడా మూసుకుంటుందని అతనికి అనిపించింది.

"ఉన్నాడు సార్. రేవంత్ అని."

"చెయ్యి ఫోన్. ఒకసారి మాట్లాడి చూస్తా."

చేసి ఇచ్చాడు. హాల్లో టీవీ సందడికి వినపడక యోగానంద్ లేచి అద్దాల తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. త్యాగరాజు కప్పులు ఏరుతూ ఆ పక్కకే వెళ్లాడు.

"నమస్తే బాబూ, ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నానా? ఏం చదివావు నువ్వు?" అని అడుగుతున్నాడాయన. అటు జవాబు చాలాసేపు సాగింది. ఎవరూ అడ్డు రాలేదు. "ప్రాజెక్ట్ దేనిమీద? ఊఁ... ఊఁ... అది నువ్వే సొంతంగా చేశావా? గుడ్." కారు మాట ఎప్పుడొస్తుందా అని త్యాగరాజు చూశాడు. అది చివర్లో, నవ్వుతూ, ఒక్క ముక్కలో అయిపోయింది.

యోగానంద్ ఫోన్ తిరిగి ఇచ్చాడు. మొహం ప్రసన్నంగా ఉంది.

"చురుకైన కుర్రాడు. మా టీంలో ఒకటి ఉంది, సరిపోతాడేమో. రెజ్యూమే పంపమన్నాను. నా మెయిల్ ఐడీ చెప్తా, వాడికి పంపించు."

త్యాగరాజు కప్పులు గట్టు మీద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని టైప్ చేశాడు. ఒక్క అక్షరం తప్పినా చేరదని యోగానంద్ తిరిగి చదివి వినిపించమన్నాడు. త్యాగరాజు ఒక్కొక్క అక్షరమే పైకి చదివాడు.

"కరెక్ట్" అన్నాడు యోగానంద్.