ఓడ వెనక్కి తిరగలేదు

కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో, ఫ్రేముకు సరిపడేలా అద్దాల అంచులు అరగదీయడం ఆమె ఉద్యోగం. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం కూర్చోదు. అదే చూపుతో సాయంత్రాలు బొమ్మల కథ గీసేది. ఇంటర్నెట్‌లో ఆరేళ్లుగా సొంతంగా నడుపుతున్న వెబ్‌కామిక్ అది. అచ్చేసే ప్రచురణకర్త లేడు, అదిలించే ఎడిటరూ లేడు. కథ జరిగేది ఒక వింత కాలంలో. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్లయింది, కానీ చరిత్ర మనం చదువుకున్న దారిన పోలేదు. రైళ్లకు బదులు గాలిఓడలు తిరుగుతున్నాయి. యజమానిని దింపేసి, తమలోంచే ఒకామెను కెప్టెన్‌గా పెట్టుకుని పనివాళ్లే నడుపుకుంటున్న ఒక ఓడ, మందులు మోసుకుంటూ సరిహద్దులు దాటుతుంటుంది.

ఆ ఓడలో మరమ్మతులు చేసే మనిషి పేరు పటకారు. ముఖం ఆమె అన్నయ్యది, పేరూ అన్నయ్యదే. అన్న లిఫ్టు మెకానిక్. పెళ్లికి వెళ్లినా జేబులో పటకారు ఉండాల్సిందే కాబట్టి స్నేహితులు పెట్టిన పేరు అది.

పటకారు ఓడ మీంచి జారిపడే పేజీ కోసం అన్న గోడకు వేసిన నిచ్చెన పట్టుకుని వేలాడాడు. ఆమె ఫోన్లో ఫొటోలు తీసింది.

"పొట్ట లోపలికి పీల్చన్నా, కనిపిస్తోంది."

"చచ్చేటప్పుడు కూడా పొట్ట పీల్చాలటే? ఏం రాక్షసివే నువ్వు!"

"పీల్చినా పోయేది కాదులే అది, ఊరికే ఆయాసం," అంది వంటింట్లోంచి వదిన.

"ఇంతకీ నన్ను బతికిస్తావా, చంపేస్తావా?"

"ఓడ వెనక్కి తిరుగుతుంది. అందరూ కలిసి వెతుకుతారు. తాడుకు చిక్కుకుని దొరుకుతావు."

"మాట తప్పకు మరి."

ఆమె ఎప్పుడూ ఆరు వారాల పేజీలు ముందే గీసి పెట్టుకునేది. ఏది ఏ శుక్రవారం రావాలో తేదీ వేసి వదిలేస్తే, పొద్దున ఏడింటికి దానంతటదే వెబ్‌సైట్‌లోకి ఎక్కేస్తుంది.

ఒక బుధవారం మధ్యాహ్నం అన్న పదకొండో అంతస్తు నుంచి లిఫ్టు గోతిలో పడి చనిపోయాడు. ఇద్దరు చెయ్యాల్సిన పని అది. రెండో మనిషిని కంపెనీ ఆర్నెల్ల కిందటే మాన్పించేసింది.

గురువారం సాగనంపారు. అలాంటి ఇంట్లో వెబ్‌సైట్ ఎవరికి గుర్తుంటుంది? శుక్రవారం ఏడింటికి పేజీ వచ్చేసింది. నల్లటి మేఘాల్లోకి తలకిందులుగా పడిపోతున్న పటకారు. కింద పాఠకుల మాటలు: "అదిరింది!" "వీడు చావడు, రాసిపెట్టుకోండి."

ఆమె లేచేసరికి వదిన చేతిలో ఫోను వెలుగుతోంది. ప్రతి శుక్రవారం మొదట చదివేది వదినే. ఆ వేళకు చెయ్యి అలవాటుగా అక్కడికే వెళ్లింది. ఆమె ఫోను కోసం చెయ్యి చాచింది.

"మర్చిపోయాను వదినా... ఇప్పుడే తీసేస్తాను."

వదిన ఫోను ఇవ్వలేదు. "వచ్చే వారం ఓడ తిరుగుతుంది కదూ?"

"తిరుగుతుంది."

"దొరుకుతాడు?"

"దొరుకుతాడు. అన్నకు మాటిచ్చాను."

"మీ అన్న పడ్డ అరగంటకే పక్క లిఫ్టు నడిపారంట. జనం ఆఫీసులకు పోవద్దూ మరి! పైగా ఆయనదే అజాగ్రత్తని రిపోర్టు రాశారు. నీ ఓడ మాత్రం తిరుగుతుందా?" అంది వదిన. "తిప్పకు. జరిగింది జరిగినట్టు గియ్యి."

"నా చేత్తో నేనే చంపుకోమంటావా వదినా?"

"నువ్వెందుకు చంపుతావే? చంపినవాళ్లు ఏసీ గదుల్లో ఉన్నారు."

పడినవాడు లేచి వచ్చి తన తరఫున చెప్పుకోలేడు. తప్పును చనిపోయినవాడి నెత్తిన రుద్దడం అందుకే అంత సులువు.

వారమంతా దుకాణం నుంచి రాగానే ఆమె గీసేందుకు కూర్చుంది. అన్న దొరికే పేజీలను వేరే ఫోల్డర్‌లో పెట్టింది. ఓడలో మందుల పెట్టెలు గీసింది, గడియారం చూసుకునే కెప్టెన్‌ను గీసింది, ఎవరూ లేని నిచ్చెన గీసింది. అన్న ముఖం గీయాల్సిన పని లేని మొదటి పేజీ అదే. ఓడ వెనక్కి తిరగకుండా ముందుకే పోతుంది. చివరి గడిలో కెప్టెన్ ఓడ చిట్టాలో రాస్తుంది: "మరమ్మతు మనిషి అజాగ్రత్త."

శుక్రవారం పాఠకులు విరుచుకుపడ్డారు. "మన కెప్టెన్ ఇలా చెయ్యదు!" "ఆరేళ్లు చదివినందుకు ఇదా?" కొందరు ఇక చదవబోమని చెప్పి వెళ్లిపోయారు. ఆమె కళ్లు మసకబారితే వదినే పైకి చదువుతోంది. ఒకచోట ఆగింది.

"'అంత ఎత్తున పనికి ఒక్కణ్ణే ఎందుకు పంపారు?'... చూడు, ఈ మాట నన్నింతవరకూ ఎవరూ అడగలేదు."

ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. తరువాత వదిన ఒంటివేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ జవాబు రాయడం మొదలుపెట్టింది. మధ్యలో తలెత్తింది.

"కంపెనీ పేరు రాయొచ్చా?"

"రాయి వదినా," అంది ఆమె.