ఫ్యూజు చోట రాగితీగ

నా చిన్నప్పుడు మా పెదనాన్నగారి రేడియో కాలిపోయింది. కాల్చింది నేనేనని ఇంట్లో తీర్మానించారు. నేను కాల్చలేదు. ఈ మూడు మాటలూ మోస్తూనే ముసలివాణ్ణయ్యాను.

పెదనాన్నగారు రాజోలులో సైన్సు మాస్టారు. లైసెన్సు తీసుకుని, సొంతంగా కట్టుకున్న రేడియోలో ఎక్కడెక్కడి దేశాలవాళ్ళతోనో మాట్లాడేవారు. కాలవగట్టు మీద వెలుగు పల్చబడే వేళ నేను ఆ గదిలో నేలమీద వెల్లకిలా పడుకునేవాణ్ణి. గుయ్యిమని హోరు. అందులోంచి ఎవరిదో గొంతు తేలివచ్చి మళ్ళీ మునిగిపోయేది. గోడమీద కొబ్బరాకుల నీడ ఊగుతుంటే, సముద్రమే గదిలోకొచ్చి కబుర్లు చెబుతోందనిపించేది.

రేడియోకు కరెంటు అందించే పెట్టె కూడా ఆయన చేసిందే. మా వైపు కరెంటుకు ఒక నిలకడ ఉండేది కాదు. అందుకని పెట్టెలో ఒక కాపలా పెట్టారు. వోల్టేజి హద్దు మీరితే ఆ కాపలా కావాలనే షార్టు చేస్తుంది. ఆ దెబ్బకు గాజు ఫ్యూజు తెగి కరెంటు ఆగిపోతుంది. ఒక సాయంత్రం రేడియోను విడదీసి పక్కన పెట్టి, పెట్టె రెండు కొసలనూ పట్టకారుతో కలిపి చూపించారు. టప్పుమంది. గాజు లోపల నల్లబడింది.

“చూసేవా అబ్బాయ్? చచ్చింది ఫ్యూజు, బతికింది రేడియో.”

“ఆయ్! మళ్ళీ చెయ్యండి పెదనాన్నగారూ!”

“మళ్ళీయా? ఇదే ఆఖరిది. అమలాపురం వెళితేగానీ ఇంకోటి దొరకదు.”

మర్నాడు మధ్యాహ్నం ఆయన రేడియో వేసి భోజనానికి లేచారు. నేను అలవాటుగా నేలమీద వాలాను. ఫ్యూజు తెగిన పెట్టెతో రేడియో ఎలా పలుకుతోందో పదేళ్ళవాడికి తట్టలేదు. ఉన్నట్టుండి హోరు ఆగింది. కమురువాసన, పొగ. నా కేకకు ముందుగా వచ్చింది ఆయన భార్య, మా దొడ్డమ్మగారు.

“కోతి చేతికి కొబ్బరికాయ ఇచ్చినట్టు, వీణ్ణెందుకు రానిచ్చేరండీ? ఏం తిప్పేడో ఏంటో!”

పెదనాన్నగారు నా వైపు చూడలేదు. ఆ గదిలోకి నన్ను మళ్ళీ రానివ్వలేదు. ఆ గొంతులు నాకిక వినబడలేదు.

నేర్పేవాళ్ళు లేక, పాత పుస్తకాలు పట్టుకుని నాకు నేనే ఆ విద్య నేర్చుకున్నాను. మొన్న వేసవిలో పెదనాన్నగారి ఇంట్లో అటక సర్దుతుంటే ఆ పెట్టె దొరికింది. విప్పాను. ఫ్యూజు ఉండాల్సిన చోట మోటార్లకు చుట్టే లావుపాటి రాగితీగ! ఆ రోజు కాపలా తన పని తాను చేసింది. తీగే తెగలేదు. ముందు కాపలా కాలింది, తర్వాత రేడియో.

ఇప్పుడు నా చొక్కా జేబులో ఎప్పుడూ రెండు గాజు ఫ్యూజులుంటాయి. ఎవరైనా పిల్లవాడిమీద తప్పు మోపుతుంటే, ముందు పెట్టె విప్పి చూడండంటాను.

ఆ తీగ పట్టుకెళ్ళి, తొంభై నిండిన పెదనాన్నగారి అరచేతిలో పెట్టాను. “ఇదెవరు వేసేరండీ?” అన్నాను. ఆయన దాన్ని వేళ్ళతో తడిమి పోల్చుకున్నారు.

“నేనేరా. అమలాపురం వెళ్ళొచ్చేదాకా ఆగలేకపోయేను. నీకు పాఠం చెప్పిన మర్నాడే ఆ తప్పు చేసేనని ఎవరికీ చెప్పుకోలేకపోయేను. పెట్టెలో ఫ్యూజు లేదు కదా నాన్నా... నా బదులు నిన్ను కాలనిచ్చేను.”