మైకులో నాయనమ్మ ప్రార్థన

మా పేట గుడికి మైకు వచ్చిన ఏడాదే మా ఊళ్లో రహస్యాలు లేకుండా పోయాయి. అందుకు కారణం మా నాయనమ్మ. ఆవిడ ఎవరి మీదా చాడీలు చెప్పి ఎరగదు. ప్రార్థన చేసేది, అంతే. తెల్లారుజామునే లేచి, తలమీద కొంగు కప్పుకుని గుడికి వెళ్లి, పాస్టరుగారు మొహం కడుక్కుని వచ్చేలోపే మైకు ముందు మోకరించేది. గుడి కప్పు మీద బాకాని ఊరివైపు తిప్పి కట్టారు. మా పేటకీ రైతుల ఇళ్లకీ మధ్య ఉన్నది ఒక మిరపచేను. అందుకని ఆవిడ దేవుడితో చెప్పుకునే ప్రతి మాటా డాబాల మీద పడుకున్నవాళ్లకి కూడా స్పష్టంగా వినపడేది.

దేవుడికి వివరంగా చెప్పాలని ఆవిడ నమ్మకం. "లోకంలో ఇంతమంది ఉన్నారు, ఆయన మాత్రం ఎంతమందిని గుర్తుపెట్టుకుంటాడే?" అనేది నాతో. అందుకే ఆనవాళ్లన్నీ చెప్పేది.

"ప్రభువా, బియ్యం మిల్లు పక్క సందులో రెండో ఇల్లు. పెంకుటిల్లు తండ్రీ, డాబా కాదు. ఆ ఇంటాయనకి మొలలు. కూర్చోలేకపోతున్నాడు. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి పోవట్లేదు. నువ్వే ముట్టి బాగుచెయ్యి."

ఆ తర్వాత ఆయన బస్సెక్కితే చాలు, ఎవరో ఒకరు మర్యాదగా లేచి, "కూర్చుంటారా, నిలబడతారా?" అని అడిగేవాళ్లు.

అయినా ఆవిడ మీద ఎవరికీ కోపం నిలిచేది కాదు. ప్రార్థన చేసి ఊరుకునే మనిషి కాదు మరి. ప్రార్థన చేసిన రోజు మధ్యాహ్నానికల్లా ఆ మొలలాయన గుమ్మంలో మజ్జిగ కుండతో ప్రత్యక్షమైంది. మాకున్న కాస్త మిరపతోట, పాడిగేదె, మా నాన్న బడిపంతులు జీతం అన్నీ ఊరుమ్మడివని ఆవిడ ఉద్దేశం. ఒకసారి కోర్టు పని మీద ఒంగోలు వెళుతున్న కూలీకి మా నాన్న ఇస్త్రీ ప్యాంటు ఇచ్చి పంపింది. రెండోది తడిసి దండెం మీద ఉంది. మా నాన్న లుంగీతో బడికి వెళ్లి, సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవకుండా పాఠాలు చెప్పాడు. ఇంటికొచ్చి గొడవపడితే, "నీకున్నది ఒక్క నడుమేగదరా, రెండు ప్యాంట్లు ఎందుకు?" అంది ఆవిడ.

పెదరైతు ఇంటి పెళ్లి సంబంధం గొడవ ఆ రోజుల్లోనే జరిగింది. ఊళ్లో అందరికంటే పెద్ద మిరప కమతం ఆయనదే. కొడుకు ఎత్తుగా, బలంగా, రెండెడ్లని ఒంటిచేత్తో ఆపేవాడు. పొన్నూరు నుంచి పిల్ల తండ్రి, మేనమామ ఇల్లూ పొలమూ చూసుకుందామని వచ్చారు. చూసేసరికి చివరి బస్సు వెళ్లిపోయింది. రాత్రికి పెదరైతు ఇంట్లోనే పడుకున్నారు.

తెల్లారుజామున బాకా మోగింది.

"ప్రభువా, నీలం గేటున్న డాబా. అక్కడ పెళ్లి మాటలు నడుస్తున్నాయి. పిల్లాడు బంగారం. కాకపోతే వాడికి బల్లంటే భయం తండ్రీ. చూస్తే చాలు, కేకలు పెట్టి పారిపోతాడు. వాళ్లమ్మే మిరపతోటలో చెప్పుకుని ఏడ్చింది. చుట్టాలు ఉన్నంతసేపూ గోడలమీద బల్లి రాకుండా కాపాడు."

ఈ మాట వినగానే ఇంట్లోవాళ్లూ చుట్టాలూ లేచి కూర్చుని, ఒక్కసారిగా గోడలకేసి చూశారట. ట్యూబులైటు పక్కన ఒకటి నింపాదిగా కూర్చుని ఉంది. పెళ్లికొడుకు గావుకేక పెట్టి, కాబోయే మామగారి మంచం మీదికి ఎక్కేశాడు. ఆయన కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చుని, ఎవరు బతిమాలినా దిగలేదు.

ఆ సంగతి వాళ్లింట్లో పాలు తీసే ఆమె చెబితే మాకు తెలిసింది. సంబంధం చెడిపోయిందనే అనుకున్నాం. కానీ పొన్నూరు పెద్దమనిషి బస్సెక్కలేదు. "ఇవాళ కూడా ఉండి, రేపటి ప్రార్థన కూడా వినే వెళతాం" అన్నాడట.

ఆ సాయంత్రం పెదరైతు మా ఇంటికి వచ్చాడు. ఎన్నడూ మా పేటలో అడుగుపెట్టని మనిషి మా బల్లమీద కూర్చునేసరికి మా నాన్న కంగారుపడి నిలబడిపోయాడు. పెదరైతు చేతిలో నేతి డబ్బా ఉంది.

"ఏమ్మా, రేపు మా ఇంటి ఊసెత్తమాక. దణ్ణం పెడతా."

"ఎత్తకపోతే ఎట్టా బాబూ? పని మధ్యలో వదిలేసినట్టు కాదా?"

"పోనీ నాలుగు మంచి ముక్కలు చెప్పు. మా తోటకి తెగులే రాదని, మావాడు పులిలాంటోడని."

"మీ తోటకి నిరుడేగా తెగులొచ్చింది? ఆయన అన్నీ చూస్తా ఉంటాడు బాబూ. ఆయన దగ్గర నేను అబద్ధాలకోరునైతే రేపు మీకు కష్టమొస్తే నా మాట వింటాడా?"

పెదరైతు ఆ మాటకి నిజంగానే ఆలోచనలో పడ్డాడు. నేతి డబ్బా బల్లమీద పెట్టి, ఏమీ తేల్చకుండానే వెళ్లిపోయాడు. ఆవిడ ఆ నెయ్యి మాకు వాసన కూడా చూపించకుండా, మా వెనక వీధిలో ఉన్న బాలింతకి ఇచ్చి వచ్చింది.

మర్నాడు ఊరు ఊరంతా ముందే లేచి కూర్చుంది.

"ప్రభువా, మళ్లీ ఆ నీలం గేటు ఇల్లే. నిన్న ఆ పెద్దాయన నన్ను అబద్ధం చెప్పమన్నాడు. బిడ్డ మీద ప్రేమతో అన్నాడు, మనసులో పెట్టుకోకు. నేతి డబ్బా ఇచ్చాడు. ఆ నెయ్యి బాలింతకి చేరింది. ఆ పుణ్యం ఆయన ఖాతాలోనే వేసుకో. ఆ డబ్బా తెచ్చిన సంగతి ఇంట్లో ఆయమ్మకి తెలియదు. ఆమె నోరు కాస్త అదుపులో పెట్టు."

నెయ్యి ఏమైందని ముందురోజు నుంచి పనివాళ్లని నిలదీస్తున్న ఇల్లాలు, చుట్టాలకి తెస్తున్న కాఫీల పళ్లెం కింద పెట్టి మొగుడివైపు తిరిగిందట. ఆమె నోరు అదుపులో లేదని మా పేట దాకా వినపడింది. ఆ రభస మధ్యలో పొన్నూరు పెద్దమనిషి కండువా దులుపుకుని లేచి, "ఇంక దాచడానికి మీ ఇంట్లో ఏమీ మిగల్లేదు బావగారూ. ఇంతకంటే భరోసా ఎవరిస్తారు? తాంబూలాలు పుచ్చుకుందాం" అన్నాడట.

పెళ్లయింది. కొత్తకోడలు వచ్చిన వారానికే చీర కొంగు నిండుగా కప్పుకుని మా ఇంటికి వచ్చింది.

"మామ్మగారూ, మా అత్తగారి గురించి చిన్న ప్రార్థన..." అని గొణిగింది.

మా నాయనమ్మ వెంటనే కళ్లు మూసుకుని, "ప్రభువా!" అని మొదలుపెట్టింది. మైకు లేకపోయినా ఆవిడ గొంతు తక్కువది కాదు. ఆ పిల్ల హడలిపోయి, "వద్దొద్దు మామ్మగారూ, ఆమె చాలా మంచిది!" అని అరిచి పరుగెత్తింది.

తర్వాత కొన్నేళ్లకి, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో నాయనమ్మ పోయింది. నాలుగు రోజులు జ్వరం, అంతే. సమాధుల దొడ్డి పక్కనే పెదరైతు కల్లం. ఆ రోజు గాలి మావైపే వీచింది. పాస్టరుగారు వాక్యం ఎత్తుకోగానే తుమ్మారు. పెట్టె మోసినవాళ్లు తుమ్మారు. మా నాన్నకి తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఏడవడానికి కూడా సందు దొరకలేదు. పెదరైతు పరువు పోతోందనుకుని, కాయలమీద పట్టా కప్పమని కూలీలని తొందరపెట్టాడు. వాళ్లు హడావిడిగా పట్టా లాగేసరికి ఘాటు రెట్టింపై లేచింది. పేటవాళ్లూ ఊరివాళ్లూ కలిసి కళ్లూ ముక్కులూ తుడుచుకుంటూ నిలబడ్డారు. ఎవరికి దుఃఖమో, ఎవరికి మిరప ఘాటో తెలియలేదు. పెదరైతు మాత్రం కళ్లు ఎర్రగా చేసుకుని, కండువాతో ముక్కు మూసుకుని, చివరి పార మట్టి పడేదాకా అక్కడే నిలబడ్డాడు.