చెన్నప్పన్న వేసిన దస్తీలు

నిన్న పొద్దున మా పాత స్టాఫ్ గ్రూప్‌లో మెసేజ్. "చెన్నప్పన్న ఇక లేడు."

ఫోన్ పక్కన పెట్టేశాను. మళ్లీ తీసి చూశాను. అదే మెసేజ్.

ఇటిక్యాలలో, తన ఇంట్లోనే, నిద్రలో పోయాడట.

వనపర్తిలో మా డిగ్రీ కాలేజీకి ఆయన కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్. రెండువేల మూడు, నాలుగు ప్రాంతంలో నేనక్కడ కాంట్రాక్ట్ లెక్చరర్‌ని. ఉండేది గద్వాలలో. రోజూ అప్ అండ్ డౌన్.

సాయంత్రం గద్వాల బస్సులో సీటు కావాలంటే, బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, వేయాలి. దస్తీ పడ్డ సీటు జోలికి ఎవరూ రారు. అదే మా పాలమూరు రిజర్వేషన్.

అప్పుడు నాకు ఆరో నెల. బస్సులో నిలబడొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పరిగెత్తి దస్తీ వేసే ఓపిక నాకెక్కడిది? వేసవి సెలవుల దాకా లాగితే ఉద్యోగం నిలుస్తుంది. లాగలేననిపించి, మానేస్తానని స్టాఫ్ రూమ్‌లో చెప్పేశాను.

చెన్నప్పన్న విన్నాడు. ల్యాబ్‌కు తాళం వేస్తూ అన్నాడు.

"గింత దానికి నౌకరీ ఇడుస్తరామ్మా? నీ దస్తీ ఇటియ్యి. నేను ముందుగాల పోయి ఏస్త."

ఆ రోజు నుంచి కిటికీ పక్క సీటు నాది.

అది చూసి ఒక్కొక్కరూ తమ దస్తీలు ఇవ్వడం మొదలుపెట్టారు. లెక్కల సారు, సూపరింటెండెంట్, కాలేజీ ఊడ్చే యాదమ్మ... అందరివీ అన్న జేబులోనే. ఎవరి దస్తీ ఎక్కడ పడితే వాళ్లక్కడే కూర్చోవాలి.

కాంట్రాక్ట్ వాళ్లను కన్నెత్తి చూడని లెక్కల సారు పక్కన ఒకరోజు యాదమ్మ దస్తీ పడింది. ఆయన మొహం చూడాలి. నెల తిరిగేసరికి ఆమె బిడ్డకు టెన్త్ లెక్కలు చెప్తున్నారు.

అన్న మాత్రం నిలబడే వచ్చేవాడు. కూర్చోమంటే, "నాదెంత, నడుమ ఇటిక్యాల కాడనే దిగుత గదా" అనేవాడు.

ఒకసారి గద్వాల బస్సు ఆగే చోట వేరే బస్సు ఆగింది. అన్న అలవాటుగా దస్తీలన్నీ వేసేశాడు. మేమూ అలవాటుగా ఎక్కేశాం. బోర్డు ఒక్కరూ చూడలేదు. దస్తీ ఉంటే మన బస్సే, అంతే.

ఊరు దాటాక కండక్టర్ అన్నాడు, "గద్వాల ఏంది సార్? గిది పాన్‌గల్ పోతది."

పాన్‌గల్‌లో దిగి, తిరుగు బస్సు వచ్చేదాకా మిర్చి బజ్జీలు తింటూ పడీ పడీ నవ్వాం. అన్న ఒక్కడే దూరంగా రాయి మీద తల దించుకుని కూర్చున్నాడు.

"రేపటి సంది ఎవరి దస్తీ వాళ్లే ఏసుకోండ్రి. నాతోని కాదు" అన్నాడు.

మరి నా సీటు? సెలవులకు ఇంకా చాలా ఉంది.

లెక్కల సారు టీ గ్లాసు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లారు. జేబులోంచి తన దస్తీ తీసి చేతిలో పెట్టారు.

"నీ పుణ్యాన పాన్‌గల్ గూడ చూస్తిమి చెన్నప్పా. రేపు గూడ నువ్వే ఎయ్యాలె. జర కిటికీ పక్కన చూడు."

వెనకే మేమందరం మా దస్తీలు ఇచ్చేశాం. అన్న వాటిలో ఒకదానితో కళ్లు తుడుచుకున్నాడు. అది ఎవరిదో మరి.

వేసవి సెలవుల్లో నాకు పాప పుట్టింది. ఉద్యోగం నిలిచింది. ఇవాళ నేను లెక్చరర్‌నంటే ఆ కిటికీ సీటు వల్లే.

నిన్న మేమంతా వనపర్తి బస్టాండ్‌లో కలుసుకున్నాం. కార్లు మాట్లాడదామని ఎవరో అంటే లెక్కల సారు వద్దన్నారు. గద్వాల బస్సే ఎక్కాం.

అన్ని సీట్ల మీదా ఎవరెవరివో దస్తీలు. మాకు వేసేవాళ్లు లేరు.

అన్నను చూడ్డానికి అందరం నిలబడే వెళ్లాం. యాదమ్మ దారి పొడుగునా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పోయిరా అన్నా. ఈ ఒక్కసారి నీ దస్తీ నువ్వు వేసుకో.

కిటికీ పక్కన, గాలి తగిలే చోట, నిమ్మళంగా కూర్చో.