మిల్లులో కుక్కర్ సీటీ

అబద్ధమాడటానికి కూడా వయసు రావాలి. నా ఇంట్లోనే చూశాను కనుక గట్టిగా చెబుతున్నాను.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు మా ఆయనను సూరత్‌లోనే ఆసుపత్రిలో చేర్చాం. ఆయన పవర్‌లూమ్ మిల్లులో నేత పని చేసేవాడు. ఊళ్లో ఉన్న అత్తమ్మది బలహీనమైన గుండె. ఈ సంగతి వింటే తట్టుకోలేదని, ఆమెకు తెలియనివ్వకూడదని నేనూ ఇద్దరు ఆడపిల్లలూ ఒట్టు పెట్టుకున్నాం. ఆయన ఫోన్ సూరత్ గోడాదరా పేటలోని మా అద్దె గదిలోనే ఉండిపోయింది.

మొదటి సాయంత్రమే అత్తమ్మ నా ఫోన్‌కు చేసింది. నేను నోరు తెరిచేలోపే నాలుగేళ్ల చిన్నది అందుకుంది. "నాయినమ్మా, నాయిన దవాఖానల లేడు!"

ఎవరడిగారు తల్లీ నిన్ను? గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే వయసది. "డ్యూటీకి వోయిండత్తమ్మా" అని నేను సర్దాను.

పదకొండేళ్ల పెద్దది మాత్రం ఘటికురాలు. మగ్గాల మోతలో అవతలి మాట వినబడదు కాబట్టి, ఆయన రోజూ షిఫ్టు మధ్యలో తల్లికి ఫోన్ చేసి, "అమ్మా, మంచిగున్న! మల్ల జేస్త!" అని అరిచి పెట్టేసేవాడు. అలాంటి కాల్ ఒకటి ఆయన ఫోన్‌లో రికార్డయి ఉంది. పెద్దది దాన్ని నా ఫోన్‌లోకి ఎక్కించింది. "మమ్మీ, నువ్వు జర చుప్ ఉండు, బస్" అని, రోజూ అదే వేళకు ఆయన ఫోన్ నుంచి నాయనమ్మకు కలిపి, పక్కనే నా ఫోన్‌లో ఆ అరుపు వినిపించి పెట్టేసేది. దాని తెలివికి భయమూ వేసింది, గర్వంగానూ అనిపించింది. అత్తమ్మ ఒక్కసారి కూడా తిరిగి చేయలేదు. నమ్మిందనుకున్నాను.

పద్నాలుగో రోజున ఆయన సగమై ఇంటికి వచ్చాడు. తల్లి గొంతు వినగానే ఏడ్చి అంతా చెప్పేశాడు. నేను ఫోన్ తీసుకుని తప్పయిందన్నాను.

"చిన్నది ఒర్లిన నాడే నాకు ఎరుక బిడ్డా. ఆ మర్నాటి సంది మిల్లుల కుక్కర్ సీటీ కొట్టవట్టె."

తల కొట్టేసినట్టయింది. రోజూ ఆ వేళకు పొయ్యి మీద ఈల వేసే కుక్కర్ పెట్టింది నేనే.

"మరి అడగలేదేందత్తమ్మా?"

"అడిగితె మీరు ఏడుస్తరు. మీరు అబద్ధమాడినన్ని దినాలు నా కొడుకు పానంతోని ఉన్నట్టే గద. ఫోన్ ఏ దినం రాదో అనే బయపడ్డ."